56 శాతం మార్కులతో ఎంబీఏ సీటు: నా అనుభవం

ముందు అంకెలు చెప్పేస్తాను. ఇలాంటి అనుభవాలు వెతుక్కునేవాళ్ళు మొదట చూసేది అవే, నేనూ అలాగే చూసేదాన్ని. పదో తరగతిలో 88 శాతం, ఇంటర్ ఎంపీసీలో 91, బీటెక్ ఈసీఈలో 56. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో 2014లో చేరి 2018లో బయటపడ్డాను. ఆ 56 రావడానికి కూడా సప్లీలు రాయాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో రెండేళ్ల ఎంబీఏలో చేరాను. ట్యూషన్ ఫీజులో సగం స్కాలర్‌షిప్ ఇచ్చారు. మొదటి పది ర్యాంకుల్లో ఉండే స్కూలు కాదు. సప్లై చైన్‌కి, అంటే సరుకు పుట్టినచోటు నుంచి కొనేవాళ్ళ దాకా చేరే పద్ధతి మీద చదువుకి, మంచి పేరుంది, నాకు కావలసింది అదే.

బీటెక్‌లో 60 దాటకపోతే ఏమవుతుందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల నోటీసు మీద మొదటి లైనే "పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం, బ్యాక్‌లాగులు ఉండకూడదు" అని ఉంటుంది. ఆ రోజు మిగతావాళ్ళు ఫార్మల్స్ వేసుకుని సెమినార్ హాల్లో కూర్చుంటే మేం కొంతమందిమి క్యాంటీన్లో కూర్చునేవాళ్ళం. చివరికి నాకు ఉద్యోగం భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో దొరికింది. ప్రొక్యూర్‌మెంట్ విభాగం. అంటే చెరువుల దగ్గరికి వెళ్ళి సరుకు చూసి, కిలోకి ఎన్ని తూగుతాయో లెక్కపెట్టి, రేటు మాట్లాడి, ఐసు వేయించి ప్లాంటుకి పంపించడం. ఈసీఈకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కానీ నాలుగేళ్ళు కాలేజీలో లేని ఉత్సాహం నాకు ఆ చెరువు గట్ల మీద వచ్చింది. ఎంబీఏ ఆలోచన కూడా అక్కడే పుట్టింది. మా కంటైనర్లు విశాఖపట్నం నుంచి బయల్దేరి అమెరికా సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలోకి చేరేసరికి రైతుకి దక్కిన రేటుకీ, అక్కడి అమ్మకపు ధరకీ మధ్య ఏం జరుగుతుందో నాకు సరిగ్గా తెలిసేది కాదు. తెలుసుకోవాలనిపించింది.

అప్లై చేద్దామని కూర్చుంటే మొదటి ప్రశ్న, ఈ మార్కులతో ఏ గుమ్మం ఎక్కాలి అన్నది. దీని మీద నేను చాలా రోజులు పెట్టాను, ఆ సమయం వృథా కాలేదు. మార్కులు తక్కువున్నవాళ్ళకి అన్ని స్కూళ్ళూ ఒకటి కావు. ఫార్ములా పెట్టి లెక్క కట్టే చోట్లు కొన్ని, మనిషి కూర్చుని ఫైలు చదివే చోట్లు కొన్ని.

ఐఐఎంల రెండేళ్ల కోర్సు మొదటి రకం. వాటి ప్రవేశ పరీక్ష క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45. అది రాయడానికి అర్హత మాత్రమే. ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలన్నది వేరే లెక్క. ఐఐఎం అహ్మదాబాద్ పది, ఇంటర్, డిగ్రీ మార్కులకి పాయింట్లు వేసి అప్లికేషన్ రేటింగ్ కడుతుంది. బెంగళూరు కూడా డిగ్రీ మార్కులకి వెయిటేజీ ఇస్తుంది. కలకత్తా మాత్రం షార్ట్‌లిస్టు దశలో పది, ఇంటర్ మార్కుల మీదే ఎక్కువ ఆధారపడుతూ వచ్చింది. ఇంటర్లో 90 దాటి బీటెక్‌లో బోల్తాపడ్డ మన ఆంధ్రా, తెలంగాణ పిల్లలకి ఇది కాస్త ఊరట. ఏ ఏడాదికి ఆ ఏడాది వాళ్ళు పెట్టే అడ్మిషన్ పాలసీ పీడీఎఫ్ తెరిచి, మన అంకెలు అందులో వేసుకుని చూసుకోవాలి. నేను వేసి చూశాను. 56 దగ్గర పోయిన పాయింట్లు తిరిగి రాబట్టాలంటే క్యాట్‌లో దాదాపు ఆకాశం అందుకోవాలి. ఫార్ములాకి నా చెరువు గట్టు కథ చెప్పడానికి వీల్లేదు.

రెండో రకంలో గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఉంది, కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి. అహ్మదాబాద్ పీజీపీఎక్స్, బెంగళూరు ఈపీజీపీ లాంటి ఏడాది కోర్సులున్నాయి. అమెరికా స్కూళ్ళన్నీ దాదాపు ఈ రకమే. మార్కులు వీళ్ళూ చూస్తారు, బాగానే చూస్తారు. కానీ ఎస్సేలు, ఉద్యోగం, రికమెండేషన్లు, జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అన్నీ కలిపి ఒక మనిషి చదువుతాడు.

అమెరికా స్కూళ్ళ వెబ్‌సైట్లలో క్లాస్ ప్రొఫైల్ అని ఒక పేజీ ఉంటుంది. పేరు మోసిన వాటిలో సగటు జీపీఏ, అంటే 4కి లెక్క కట్టే డిగ్రీ మార్కు, 3.6, 3.7 అని కనిపిస్తుంది. అది చూసి నేను నా 56ని 25తో భాగించాను. 2.24 వచ్చింది. గుండె ఆగినంత పనయింది. ఈ భాగహారం చెయ్యకండి, అది ఎక్కడా చెల్లే లెక్క కాదు. చాలా అప్లికేషన్లలోనే రాసి ఉంటుంది, మీ యూనివర్సిటీ ఏ స్కేలులో ఇచ్చిందో అలాగే వెయ్యండి, మీరు మార్చొద్దు అని. కొన్ని స్కూళ్ళు సగటు జీపీఏ కట్టేటప్పుడు 4 పాయింట్ల స్కేలు ఉన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటాయి. మన దగ్గర 70 దాటితే డిస్టింక్షన్ అని వాళ్ళ ఫైళ్ళు చదివే వాళ్ళకి తెలుసు. అలాగని 56 మంచి మార్కని ఎవరూ అనుకోరు. సెకండ్ క్లాసంటే ఎక్కడైనా సెకండ్ క్లాసే.

మొదటి ఏడాది, అంటే 2024 జనవరి గడువులకి వేసినప్పుడు, ఎక్కడా రాలేదు. ఇంటర్వ్యూ పిలుపు కూడా దాదాపు లేదు. అప్పట్లో ఒక కన్సల్టెన్సీ దగ్గరికి వెళ్ళాను, పేరెందుకులెండి. ఏసీ గది, గోడ నిండా అడ్మిట్లు వచ్చినవాళ్ళ ఫోటోలు. అక్కడ కూర్చున్నాయన నా మెమోలన్నీ తిరగేసి, "ఆ టైములో ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా అమ్మా? ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అని అడిగారు. లేదండీ అన్నాను. "అమ్మమ్మ, తాతయ్య... ఎవరో ఒకరు?" అన్నారు. మా అమ్మమ్మ ఆ వారమే పాలకొల్లులో మాకందరికీ పంచడానికి ఆవకాయ కలుపుతోంది, కారం మంచిది దొరకలేదని ఫోన్‌లో ఊళ్ళో కొట్లన్నిటినీ తిడుతోంది. ఆవిణ్ణి మంచాన పడెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, అప్పుడు నిజంగానే కష్టమనిపించింది. మార్కులు తక్కువ రావడానికి ఒక పెద్ద కారణం ఉండాలని అందరూ ఆశిస్తారు. తండ్రి పోవడమో, ఫీజుకి పార్ట్‌టైమ్ చెయ్యడమో, ఆసుపత్రో. నిజంగా అలాంటివి పడ్డవాళ్ళు రాసుకోవాలి, తప్పకుండా. నా దగ్గర అలాంటిదేమీ లేదు. మా నాన్న హైస్కూలు టీచరు, ఇంట్లో లోటు లేదు, హాస్టల్లో తిండి కూడా బాగానే ఉండేది. ర్యాంకుకి వచ్చిన బ్రాంచిలో చేరాను, అది నా తలకెక్కలేదు, అంతే. నాలాంటివాళ్ళే క్లాసులో ఎక్కువ. వాళ్ళ కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే విషాదం ఉన్నవాళ్ళ కథలు చాలా దొరుకుతాయి, ఏ కారణమూ లేనివాళ్ళ కథలు దొరకవు.

తిరస్కరించిన స్కూళ్ళలో ఒకటి, అడిగితే ఫీడ్‌బ్యాక్ ఇస్తామంది. అమెరికాలో కొన్ని స్కూళ్ళు వేసవిలో ఇలా ఇస్తాయి, అందరికీ కాదు, ముందే స్లాట్ అడగాలి. నాకు దొరికింది చాలా చిన్న ఫోన్ కాల్. అవతల మాట్లాడినావిడ నా మొత్తం 56 గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చెప్పిందేమిటంటే, నా ట్రాన్‌స్క్రిప్ట్‌లో మ్యాథ్స్-1 ఒకసారి పోయింది, ర్యాండమ్ వేరియబుల్స్, అదే ప్రాబబిలిటీ సబ్జెక్టు, ఒకసారి పోయింది, జీమ్యాట్‌లో మొత్తం 650 బాగానే ఉన్నా లెక్కల విభాగం క్వాంట్ వెనకబడింది. మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. వాళ్ళ కోర్సులో మొదటి సెమిస్టర్లోనే స్టాటిస్టిక్స్, అకౌంటింగ్, ఫైనాన్స్ వస్తాయి. "ఈ అమ్మాయి అక్కడ నిలబడుతుందని చెప్పే కాగితం ఫైలులో ఒక్కటీ లేదు" అన్నారు.

అప్పటిదాకా నేను మార్కులు తక్కువ అనే ఒక పెద్ద ముద్దని మోసుకు తిరుగుతున్నాను. ఆ కాల్ తర్వాత మెమోలన్నీ మంచం మీద పరిచి చూశాను. ఈసీఈలో ఎలక్ట్రానిక్ డివైసెస్‌లో 43 వస్తే బిజినెస్ స్కూలుకి పోయేదేమీ లేదు. యాంటెన్నాలు గట్టెక్కామా లేదా అన్నది వాళ్ళకి పట్టదు. మేఫాలో, అదే మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్‌లో, నాకు 71 ఉంది. దాని గురించి నేను ఎక్కడా ఒక్క మాట రాయలేదు! చివరి ఏడాది సెమిస్టర్లు 60 దాటాయి, అదీ చెప్పలేదు. నిజంగా పూడ్చాల్సిన గొయ్యి రెండు సబ్జెక్టులంత. నాలుగేళ్ళంత కాదు.

సరే, ఎలా పూడ్చాలి. ఇంటర్నెట్‌లో దీనికి మామూలుగా చెప్పేది హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆన్‌లైన్ వాళ్ళ కోర్ అనే కోర్సు. బిజినెస్ అనలిటిక్స్, ఎకనామిక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ మూడూ కలిపి ఉంటాయి, చివర పరీక్ష ఉంటుంది, మంచి కోర్సే అంటారు. కానీ అప్పట్లో మన డబ్బుల్లో రెండు లక్షల దాకా అయ్యేది. ఇంకొందరు సీఎఫ్‌ఏ మొదటి లెవెల్ రాస్తారు, ఫైనాన్స్ వైపు వెళ్ళేవాళ్ళకి అది నప్పుతుంది. నేను ఎన్‌పీటెల్ ఎంచుకున్నాను. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపేది. పాఠాలు ఉచితం, పరీక్ష ఫీజు 2024లో వెయ్యి రూపాయలు. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ మీద 12 వారాల కోర్సు, 2024 జులై నుంచి అక్టోబరు దాకా.

దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు, సర్టిఫికెట్ల కోసం కాలేజీలు పిల్లల చేత బలవంతంగా చేయిస్తాయి కాబట్టి. కానీ నాకు పనికొచ్చింది దాని పరీక్ష పద్ధతే. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, అదీ పన్నెండింటిలో బాగా చేసిన ఎనిమిదింటి సగటు. చివరి పరీక్షకి 75, అది ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటరుకి వెళ్ళి ఐడీ చూపించి నిఘాలో రాయాలి. వీడియోలు చూసి తెచ్చుకునే సర్టిఫికెట్‌కి అడ్మిషన్ కమిటీ దగ్గర బరువుండదు. ఎవరో కాపలా ఉండగా రాసి తెచ్చుకున్న మార్కుకి ఉంటుంది. అప్లికేషన్లో కూడా ఎన్‌పీటెల్ అని రాసి వదిలెయ్యలేదు. అక్కడివాళ్ళకి ఆ పేరు తెలియకపోవచ్చు కాబట్టి, ఎవరు నడుపుతారు, పరీక్ష ఎలా ఉంటుంది, ఎన్ని మార్కులకి ఏ గ్రేడు అన్నది ఒక లైన్లో పెట్టాను. నాకు 83 వచ్చింది. 75 నుంచి 89 దాకా ఎలీట్ ప్లస్ సిల్వర్ అంటారు.

జులై నుంచి అక్టోబరంటే మా దగ్గర చెరువుల్లో రొయ్యల పట్టుబడులు జోరుగా ఉండే రోజులు. వర్షం పడితే, జబ్బు కనిపిస్తే రైతు ఆగడు, ఏ రాత్రయినా ఫోన్ చేస్తాడు. బండి వెళ్తుంటే వెనక సీట్లో పాఠాలు వినేదాన్ని. డ్రైవరు కుర్రాడు కొన్నాళ్ళకి, "అండీ, ఈయన స్టాండర్డ్ డీవియేషను స్టాండర్డ్ డీవియేషను అంటాడు, అసలదేంటండీ" అని అడిగాడు. అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తుంటే నా పనే గుర్తొచ్చింది.

రొయ్యల రేటు కౌంటు మీద ఉంటుంది. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. 30 కౌంటంటే పెద్దవి, మంచి రేటు. 100 కౌంటంటే చిన్నవి. చెరువులో వల వేసి, పట్టినవి తూచి లెక్కపెట్టి, ఆ కౌంటు మీద రేటు మాట్లాడతాం. తీరా ప్లాంటుకి వెళ్ళాక గ్రేడింగులో ఇంకో కౌంటు వస్తుంది. 50 అనుకున్నది 54 అవుతుంది. కిలోకి పది ఇరవై రూపాయల తేడా, టన్నుల మీద అది ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. రైతు మోసం చేశాడని ప్లాంటువాళ్ళు, కంపెనీ కోత పెట్టిందని రైతు. నేను రెండేళ్ళుగా గట్టు మీద తీసిన కౌంటూ, ప్లాంటు కౌంటూ పక్కపక్కన ఎక్సెల్‌లో రాసుకుంటూ వచ్చాను, ఎవరూ చెప్పకుండానే, గొడవల్లో పనికొస్తుందని. ఒకచోట ఒకే వల వేసి తీసిన చెరువుల్లో తేడా ఎక్కువ. నాలుగు మూలలా వేసి కలిపిన చోట తక్కువ. మెల్లగా మా టీములో అందరం నాలుగు వలల పద్ధతికి మారాం, గొడవలు తగ్గాయి. పాఠం వింటుంటే తెలిసిందేమిటంటే, దీనికి శాంప్లింగ్ అని పేరుంది, నేను సప్లీ రాసి 40తో గట్టెక్కిన సబ్జెక్టు ఇదే. కాలేజీలో ర్యాండమ్ వేరియబుల్స్ చెప్పినాయన చెరువు గట్టు మీద చెప్పుంటే నేనూ మొదటిసారే పాసయ్యేదాన్నేమో, చెప్పలేం.

మొదటి ఏడాది ఎస్సేలో ఈ కౌంటు సంగతి లేనే లేదు. నాయకత్వం, టీమ్‌వర్క్, లాక్‌డౌన్‌లో బళ్ళు ఆగిపోతే ఎలా నడిపించామన్నది రాశాను. అవి అందరూ రాస్తారు. రెండో ఏడాది మెయిన్ ఎస్సే మొత్తం కౌంటు గొడవ మీదే రాశాను.

జీమ్యాట్ మళ్ళీ రాశాను. ఈలోగా పరీక్షే మారిపోయింది. 2023 నవంబరులో ఫోకస్ ఎడిషన్ వచ్చింది, 2024 ఫిబ్రవరి నుంచి పాతది లేదు. మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, మార్కులు 205 నుంచి 805 దాకా. సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు, జామెట్రీ తీసేశారు. నాకు రెండూ తలనొప్పులే, కాబట్టి ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు. పాత లెక్కలో 700కి కొత్త లెక్కలో 645 దగ్గర సమానం, ఇది తెలియక చాలామంది కొత్త స్కోరు చూసి కంగారు పడతారు. నాకు 665 వచ్చింది, క్వాంట్‌లో 90కి 86. మొత్తం స్కోరు కోసం కాకుండా క్వాంట్ కోసమే చదివాను. నాలా గణితం దగ్గర మచ్చ ఉన్నవాళ్ళకి మొత్తం కొంచెం తగ్గినా పరవాలేదు, క్వాంట్ తగ్గకూడదని నా అభిప్రాయం. గణితం బాగుండి ఇంకెక్కడో మార్కులు పోయినవాళ్ళు ఈ మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఆప్షనల్ ఎస్సే. మీ అప్లికేషన్లో ఇంకా చెప్పాల్సినది ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి అని ఒక పెట్టె ఇస్తారు. మార్కులు తక్కువున్నవాళ్ళు దాన్ని ఖాళీగా వదిలితే బాగుండదు. అలాగని పేజీన్నర ఏడిస్తే ఇంకా బాగుండదు. నేను రాసింది తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇలా ఉంటుంది: బీటెక్‌లో నా మొత్తం 56 శాతం, ఎలక్ట్రానిక్స్ మీద నాకు ఆసక్తి కలగలేదు, మార్కుల్లో అది కనిపిస్తుంది. మ్యాథ్స్-1, ప్రాబబిలిటీ సబ్జెక్టులు సప్లిమెంటరీలో పాసయ్యాను. చివరి ఏడాది 60 దాటాను, ఎకనామిక్స్, ఫైనాన్స్ సబ్జెక్టులో 71 వచ్చింది. 2024లో నిఘాలో జరిగిన స్టాటిస్టిక్స్ పరీక్షలో 83, జీమ్యాట్ క్వాంట్‌లో 86 తెచ్చుకున్నాను. ఉద్యోగంలో నేను రోజూ చేసేది శాంప్లింగ్ పనే, వివరాలు మొదటి ఎస్సేలో ఉన్నాయి. అయిపోయింది. క్షమించమని గానీ, ఎంతో నేర్చుకున్నానని గానీ రాయలేదు. మొదటి ఏడాది రాసిన పాత కాపీలో సగం పేజీ ఆ రకమే ఉంది. ఇప్పుడు చదివితే నాకే జాలేస్తుంది.

రికమెండేషన్ సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళు ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. మా మేనేజరు గారిని అడిగితే, "ఇంగ్లీషులో నేనేం రాస్తానమ్మా, నువ్వే రాసుకురా, సంతకం పెట్టేస్తా" అన్నారు. మన ఆఫీసుల్లో ఇది మామూలే, కానీ స్కూళ్ళు దీన్ని ఒప్పుకోవు, రికమెండర్ తనంతట తానే రాసి తన ఈమెయిలు నుంచి పంపాలి. పైగా నేను రాస్తే నా ఎస్సేలాగే ఉంటుంది. "మీరు తెలుగులో చెప్పండి సార్, మీ అబ్బాయి ఇంగ్లీషులోకి మారుస్తాడు, నేను చూడను కూడా" అన్నాను. ఆయన కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఆయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు పెట్టారు, ఆ అబ్బాయి రాశాడు. చాలా స్కూళ్ళు వాడే రికమెండేషన్ ఫారంలో, ఈమెకి మీరిచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, ఎలా తీసుకుంది అనే ప్రశ్న ఉంటుంది. మన దగ్గర అందరూ అక్కడ కూడా పొగుడుతారు. మా సారు మాత్రం, రైతు ముందు రేటు చెప్పేటప్పుడు తొందరపడుతుంది, ఎదుటివాడు మాట్లాడే దాకా ఆగమని చెప్పాను, ఇప్పుడిప్పుడే ఆగుతోంది అని చెప్పారట. సీటు వచ్చాక ఆయనే చెప్పి నవ్వారు.

2025 జనవరి గడువుకి వేశాను. ఈసారి జాబితాలో ఆశల స్కూళ్ళు తగ్గించి, సప్లై చైన్‌కి పేరున్నవి పెట్టుకున్నాను. మిషిగన్ స్టేట్, అరిజోనా స్టేట్ లాంటి స్కూళ్ళకి ఈ విషయంలో ఉన్న పేరు, మొత్తం ర్యాంకింగుల్లో మొదటి పది చూసుకునేవాళ్ళకి కనిపించదు.

ఇంటర్వ్యూలు కొన్ని బ్లైండ్‌గా జరుగుతాయి, అంటే ఎదుటివాళ్ళ దగ్గర రెజ్యూమే తప్ప ఇంకేమీ ఉండదు. అలాంటి వాటిలో మార్కుల ప్రస్తావనే రాలేదు, నేనూ తేలేదు. ఒకదాన్లో మాత్రం ఫైలు మొత్తం చదివినావిడ వచ్చారు. కాసేపు రొయ్యల గురించి సరదాగా మాట్లాడి, ఉన్నట్టుండి, "ప్రాబబిలిటీలో 40 మార్కులు, అదీ రెండోసారి. మా స్టాటిస్టిక్స్ క్లాసులో ఎలా నెగ్గుకొస్తావు?" అన్నారు. 83 గురించి చెబుదామని నోరు తెరిచి ఆగాను, అది ఆవిడ చదివే ఉంటారు కదా. వలల సంగతి చెప్పాను. ఒక వల బదులు నాలుగు వేస్తే తప్పు నాలుగో వంతుకి తగ్గదు, సగానికే తగ్గుతుంది, ఎందుకంటే అది వర్గమూలం మీద నడుస్తుంది. అది కూడా నాలుగు వలలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే. నాలుగూ ఒకే గట్టు పక్కన వేస్తే వేసిన లాభం లేదు, అందుకే మూలలకి వెళ్ళాలి. రాత్రి పూట మూలలకి వెళ్ళడానికి కుర్రాళ్ళు విసుక్కుంటారు, కాబట్టి మూడో వలకి, నాలుగో వలకి వచ్చే లాభం వాళ్ళ విసుగుకి తగినదేనా అన్నది కూడా లెక్క వేశాను. ఆవిడ ఒక అనుబంధ ప్రశ్న అడిగారు, రైతులు దీన్ని తమకి అనుకూలంగా వాడుకోలేరా అని. వాడుకుంటారండీ, కొందరు మేత ఏ మూలన వేస్తే పెద్దవి అటు వస్తాయో వాళ్ళకి తెలుసు అన్నాను. మిగతా సమయమంతా దాని మీదే గడిచింది.

మార్చిలో ఆ స్కూలు నుంచే సీటు, స్కాలర్‌షిప్ వచ్చాయి. మిగిలిన ఫీజుకీ ఖర్చులకీ బ్యాంకు లోను, నాన్న ఇంటి కాగితాలు పెట్టారు. ఆ టెన్షన్ వేరే కథ.

వీసా దగ్గర మళ్ళీ మార్కులు ఎదురయ్యాయి. ఆ ఏడాది మే నెలాఖర్లో విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఆపేసి జూన్‌లో మళ్ళీ తెరిచారు, నాకు హైదరాబాద్ కాన్సులేట్‌లో జులైలో దొరికింది. వీసా అధికారులు బ్యాక్‌లాగుల గురించి అడుగుతారని మన పిల్లలందరికీ తెలుసు, నన్నూ అడిగారు. ఎన్నో చెప్పాను, మొత్తం శాతమూ చెప్పాను. ఇన్ని ఉన్నా యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఎందుకిచ్చిందని అడిగారు. ఏడేళ్ళ పని, స్టాటిస్టిక్స్ పరీక్ష, జీమ్యాట్ అని మూడు ముక్కల్లో చెప్పాను. మిగతా ప్రశ్నలు లోను మీదే.

మార్కులు తక్కువున్న జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది, "అక్కా, సప్లీ మెమోలు కూడా అప్‌లోడ్ చెయ్యాలా, కన్సాలిడేటెడ్ ఒక్కటి పెడితే చాలదా?" అని. అప్లికేషన్ సమయంలో చాలా స్కూళ్ళకి స్కాన్ కాపీలు చాలు, కాబట్టి దాచెయ్యొచ్చని అనిపిస్తుంది. సీటు వచ్చాక మాత్రం యూనివర్సిటీ నుంచి అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు. ప్రతి మెమో మీదా పరీక్ష ఏ నెల, ఏ సంవత్సరం అన్నది ఉంటుంది, నాలుగో సెమిస్టరు సబ్జెక్టు ఆరో సెమిస్టరు తేదీతో ఉంటే సప్లీ అని ఎవరికైనా తెలుస్తుంది. ఆ పైన చాలా స్కూళ్ళు బయటి సంస్థ చేత చదువు, ఉద్యోగం, రికమెండర్లు అన్నీ సరిచూయిస్తాయి. మా బ్యాచికీ చేశారు. నా మెమోలు అన్నీ మొదటే పెట్టాను కాబట్టి వాళ్ళడిగింది ఒక్కటే, పాత కంపెనీలో హెచ్ఆర్ ఫోన్ ఎత్తడం లేదు, ఇంకో నంబరు ఉందా అని. మా సారు నంబరిచ్చాను. పట్టుబడి దగ్గర ఉన్నాను, రాత్రికి చెయ్యమని వాళ్ళతో అన్నారట.